మారుతి 800 హీటర్: లివర్ చల్లవైపే, గాలి మాత్రం వేడిగా

బండి మళ్లీ ఒక్కటైంది. బానెట్ కూర్చుంది, స్టీరింగ్ నిటారుగా ఉంది, హీటర్ కోర్ (ఇంజన్ వేడినీళ్లు పారే చిన్న రేడియేటర్) కారడం ఆగింది. ఇంతా చేసి లివర్‌ను నీలం గీత చివరికంటా లాగి, బ్లోవర్ ఒకటో నంబర్‌లో పెడితే మధ్య వెంట్‌లో 51 డిగ్రీలు! బయట నీడలో 36. హైదరాబాద్ ఎండల్లో హీటర్ ఎవడికి కావాలి అనేవాళ్లకు ఇదిగో జవాబు: హీటర్ అక్కర్లేదు సరే, అది ఆగాలి కదా. ఏసీ వేసినా ఎవాపరేటర్ (గాలిని చల్లబరిచే కాయిల్) మీదుగా వచ్చిన చల్లగాలి హీటర్ పెట్టె దాటాకే మన ముఖానికి తగులుతుంది. రెండో నంబర్‌లో ఏసీ గాలి 20 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. ఈ లక్షణం చెబితే పదిమంది మెకానిక్‌లలో తొమ్మిదిమంది "గ్యాస్ తక్కువైంది సార్" అంటారు. గ్యాస్ నిండుగానే ఉంది.

ముందు సాఫీగా అయిన పనులు. కోర్‌లో ట్యాంక్‌కు, ట్యూబుకు మధ్య అతుకు వదిలింది. రేడియేటర్ షాపులో టంకం పెట్టించి, నీళ్ల తొట్టిలో ముంచి 1.2 కిలోల గాలి పెట్టి చూస్తే ఒక్క బుడగ లేదు. రేడియేటర్ మూతే 0.9లో వదిలేస్తుంది కాబట్టి ఆ మాత్రం పరీక్ష చాలు. రాగి, ఇత్తడి పాత కోర్ దొరికినంతకాలం కొత్త అల్యూమినియం కోర్ జోలికి పోను. కారుడు ఆపే పొడులు, ద్రావకాలు మాత్రం అసలు వద్దు. అవి చిల్లును మూసేలోపే సన్నని ట్యూబుల్ని మూసేస్తాయి.

బానెట్ తీయకుండా కూడా ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, క్యాబిన్‌కు మధ్య గోడ) దగ్గరి హోసులు అందుతాయి. తీస్తే నడుము మిగులుతుంది, అంతే. హింజ్ చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి విప్పాను, బిగించాక రెండువైపులా సందు 4 మిల్లీమీటర్లే. స్టీరింగ్ కాలమ్ బ్రాకెట్ బోల్టులు విప్పి సీటు మీదికి వాల్చాను. కింది జాయింట్ విప్పేవాళ్లు షాఫ్ట్ మీద, జాయింట్ మీద కలిపి ఒకే పెయింట్ గీత గీయాలి. షాఫ్ట్ కొసన ఉండే పళ్ల గాడిలో (స్ప్లైన్) 36 పళ్లుంటే ఒక్క పన్ను తప్పినా స్టీరింగ్ చక్రం పది డిగ్రీలు పక్కకు తిరిగి కూర్చుంటుంది. అప్పుడు అలైన్‌మెంట్ షాపువాడు టై రాడ్లు తిప్పి దాన్ని కప్పిపుచ్చుతాడు, ఇండికేటర్ మాత్రం ఒకవైపు తొందరగా, ఒకవైపు ఆలస్యంగా ఆరుతుంది. స్టీరింగ్ చక్రం నట్ 33 న్యూటన్ మీటర్లకు బిగించాను. హీటర్ పెట్టెలో గాలిదారి మార్చే ఫ్లాప్‌ల ఫోమ్ నల్లటి పొడిగా రాలిపోయింది. దాని బదులు ఏసీ పైపులకు చుట్టే నైట్రైల్ ఫోమ్ 5 మిల్లీమీటర్లది అంటించాను, సరిపోయింది.

ఇక అసలు తలనొప్పి.

కొలతలకు గుజరాతీ గల్లీలో దొరికే తీగ ప్రోబ్ థర్మామీటర్ వాడాను. నమ్మేముందు మరిగే నీళ్లలో ముంచి చూడాలి. అయితే 100 చూపించలేదని పారేయకండి. మన ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. 98 చూపిస్తే ప్రోబ్ బాగున్నట్టు.

మొదటి ప్రశ్న: వేడి ఎక్కడిది? ఫ్లాప్ సరిగా మూసుకోకనా, కోర్‌లోకి వేడినీళ్లు పోతూనా? ఫైర్‌వాల్ దగ్గర రెండు హోసుల్నీ చెక్కముక్కల మధ్య పెట్టి వైస్ గ్రిప్‌తో నొక్కేశాను. పది నిమిషాల్లో వెంట్ 51 నుంచి 38కి దిగింది. ఏసీ గాలి 20 నుంచి 11కి దిగింది. అంటే ఫ్లాప్‌కు సంబంధం లేదు, నీళ్లే పోతున్నాయి. బయటి 36 మీద మిగిలిన ఆ రెండు డిగ్రీలు బ్లోవర్ మోటారువి, ఫైర్‌వాల్‌వి. పాత బండిలో ఏసీ చల్లదనం తగ్గిందంటే గ్యాస్ గేజి తగిలించకముందే ఈ పరీక్ష చేయండి. పైసా ఖర్చు లేదు. హోస్ బాగా పాతదై ఎండిపోయి ఉంటే మాత్రం నొక్కకండి, పగులుతుంది.

రెండో ప్రశ్న: కోర్‌లోకి వేడినీళ్లను ఆపే హీటర్ వాల్వ్ పూర్తిగా మూసుకుంటోందా? వాల్వ్ చేయి ఈ కొస నుంచి ఆ కొసకు 31 మిల్లీమీటర్లు కదలాలి. లివర్‌తో కదిపితే 26 మాత్రమే కదులుతోంది. కేబుల్ బయటి తొడుగును పట్టుకునే క్లిప్ వదులైంది, లాగినప్పుడల్లా లోపలి తీగకు బదులు తొడుగే జరుగుతోంది. క్లిప్ మార్చి, లివర్ చల్లవైపు పెట్టి, వాల్వ్‌ను చేత్తో పూర్తిగా మూసి, ఆ తర్వాతే తొడుగును క్లిప్‌లో బిగించాను. ఈ వరస తిరగేస్తే ఆ 5 మిల్లీమీటర్లు మళ్లీ పోతాయి. వెంట్ 51 నుంచి 44కి వచ్చింది. సంతోషమే, కానీ ఇంకా 6 డిగ్రీలు ఎక్కువ. చేయి మూసిన చివర ఆనుకునే ఉంది, అయినా నీళ్లు జారుతున్నాయి.

ఇక్కడ చిన్న లెక్క వేశాను, ఎందుకంటే "కొద్దిగా లీకైతే ఏమవుతుందిలే" అన్న మాట చాలామంది నోట విన్నాను. మిగతా వెంట్లు మూసి, ఒక వెంట్‌కు నల్ల చెత్త సంచి తొడిగితే, సుమారు 100 లీటర్ల సంచి ఆరు సెకన్లలో ఉబ్బింది. అంటే ఒకటో నంబర్‌లో గంటకు 60 ఘనపు మీటర్ల గాలి. ఇప్పుడు నిమిషానికి 100 మిల్లీలీటర్లు జారి, కోర్‌లో 85 నుంచి 45కి చల్లారాయనుకోండి. సుమారు 280 వాట్ల వేడి విడుదలవుతుంది. ఆ కాస్త గాలికి అది దాదాపు 15 డిగ్రీల పెరుగుదల. టీ గ్లాసుడు నీళ్లు చాలు మన ఏసీని ఓడించడానికి. 6 డిగ్రీలకు లెక్కగడితే మన వాల్వ్ నిమిషానికి 40 మిల్లీలీటర్లు వదులుతూ ఉండాలి.

విప్పి బల్ల మీద పరీక్షిస్తే ఆ లెక్కకు దగ్గరగానే ఉంది. వాల్వ్‌ను మూసి వైస్‌లో పట్టించి, మీటరు ఎత్తున సీసా వేలాడదీసి, అవతలి కొస కింద దగ్గుమందు కొలత మూత పెట్టాను. చల్లనీళ్లతో నిమిషానికి 45 మిల్లీలీటర్లు. 85 డిగ్రీల నీళ్లతోనూ అంతే. ఇంకో సంగతి ఏమంటే, ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద సాఫీగా పోతుంటే వేడి ఎక్కువ, సిగ్నల్ దగ్గర ఆగితే తక్కువ. చూడ్డానికి తలకిందులుగా అనిపిస్తుంది. పంపు పీడనం ఆర్పీఎం వర్గంతో పెరుగుతుంది, సన్నని సందులోంచి జారే నీళ్లు పీడనం వర్గమూలంతో పెరుగుతాయి. రెండూ కలిస్తే ఆర్పీఎం మూడింతలైతే లీకు కూడా మూడింతలు. కాబట్టి నిలబెట్టిన బండిలో, ఐడిలింగ్‌లో చూసి బాగుందనుకుంటే చాలదు.

కొత్త వాల్వ్ కొంటే పోలేదా? పుత్లీబౌలిలో ఒక పేరులేని డూప్లికేట్ దొరికింది. ప్లాస్టిక్ ఒళ్లు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. చల్లనీళ్లతో నిమిషానికి 8 మిల్లీలీటర్లే. వేడినీళ్లు పోయగానే 70! బండిలో వెంట్ 48కి ఎక్కింది, అంటే పాతదానికంటే అధ్వాన్నం. నా ఊహ ఏమంటే, వేడికి ఒళ్లు వ్యాకోచిస్తే నీటిదారిని మూసే లోపలి ప్లగ్‌ను నొక్కి పట్టే స్ప్రింగ్ ఆ సందును మూయలేకపోతోంది. మరో దోషం కంటికే కనిపించింది: చేయి ఆనుకునే చోట అచ్చులో మిగిలిన ప్లాస్టిక్ ముక్క. దానివల్ల చేయి పూర్తిగా మూసుకోకముందే ఆగిపోతోంది. ఆకురాయితో గీస్తే వేడినీళ్ల లీకు 45కి తగ్గింది. డబ్బులు పెట్టి కొని, చేత్తో అరగదీసి, చివరికి పాత వాల్వ్‌తో సమానం చేసుకోవడం! కొనేవాళ్లకు ఒకటే మాట: ఈ భాగాన్ని చల్లనీళ్లతో పరీక్షించి సరే అనుకోవద్దు.

మళ్లీ పాతదాని దగ్గరికే వచ్చాను. దానిది ఇత్తడి ఒళ్లు, ఇత్తడి కోను ప్లగ్. ప్లగ్ మీద చుట్టూ గీతలు, రంధ్రం అంచున తెల్లటి గట్టి పొర. ఆ పొర బోరు నీళ్లది. మన బోరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే ఎక్కడ వేడి ఎక్కువుంటే అక్కడ సున్నం పేరుకుంటుంది, తర్వాత పెచ్చులుగా ఊడి వచ్చి ప్లగ్‌ను గీరుతుంది. గీతలకు అదే కారణమని నా అనుమానం. కూలెంట్ 30 శాతం చాలు, మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా, కానీ కలిపేది బ్యాటరీ నీళ్లే (డిస్టిల్డ్ వాటర్) కావాలి.

ఇంజన్ వాల్వులు సానబట్టే సన్నరకం పేస్టుతో ప్లగ్‌ను దాని గూట్లోనే అటూ ఇటూ తిప్పుతూ అరగదీశాను. గుండ్రంగా ఒకే దిక్కు తిప్పితే కొత్త గీతలు పడతాయి. పావు చుట్టు తిప్పి, ఎత్తి, జాగా మార్చి, మళ్లీ. మార్కర్‌తో నల్లగీతలు గీసి తిప్పి చూస్తే ఎక్కడ తగులుతోందో తెలిసిపోతుంది. అరిగినకొద్దీ ప్లగ్ లోపలికి దిగుతుంది, స్ప్రింగ్ వదులవుతుంది, అందుకే కింద 0.5 మిల్లీమీటర్ వాషరు వేశాను. పేస్టు ఒక్క రేణువు కూడా మిగలకుండా కిరోసిన్‌తో కడగాలి, లేదంటే అది తిరిగినప్పుడల్లా సానపడుతూనే ఉంటుంది. ఫలితం: చల్లనీళ్లతో 12, వేడినీళ్లతో 15. ఒళ్లూ ప్లగ్గూ ఒకే ఇత్తడి కనుక కలిసే పెరుగుతాయి. వెంట్ 40! హోసులు నొక్కినప్పటి 38కి రెండే డిగ్రీలు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. లోపలి లీకు ఆగింది, ఇప్పుడు బయటికి కారుతోంది. బండి బాగా వేడెక్కి చల్లారాక చేయి పక్కన షాఫ్ట్ దగ్గర ఒక్క బొట్టు, కార్పెట్ మీద కూలెంట్ తీపి వాసన. షాఫ్ట్ చుట్టూ కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ మార్చాను, మళ్లీ అదే బొట్టు. కొలిస్తే తెలిసింది. ఓ-రింగ్ మందం 1.5 మిల్లీమీటర్లు, గాడిలో షాఫ్ట్‌కు, గోడకు మధ్య ఉన్న జాగా అరిగి 1.42 అయింది. అంటే నొక్కుడు 5 శాతమే. తిరిగే చోట కనీసం 10 పైన, ఇరవై లోపు ఉండాలి. 1.78 మందం రింగ్ వేస్తే లెక్కకు 20 దగ్గరకొస్తుంది, బాగానే ఉంటుంది. కానీ గాడి వెడల్పు 2.0 మాత్రమే, అంత లావు రింగ్ నలిగినప్పుడు పక్కలకు జరగడానికి చోటు లేదు. 2.4కి వెడల్పు చేయించాలి, అది చేత్తో అయ్యే పని కాదు.

రింగ్ రకం గురించి కూడా. షాపులో అడిగితే "వైటాన్ తీసుకోండి, బెస్ట్" అంటారు. పెట్రోలుకు, నూనెకు ఆ రబ్బరు మంచిదే. వేడి కూలెంట్‌కు మాత్రం ఈపీడీఎం అనే రబ్బరు సరైనది. అయితే ఈపీడీఎంకు మామూలు గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది, సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు నైట్రైల్ కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత గట్టిపడి పగుళ్లిస్తుంది. నేను విప్పిన పాత రింగ్ గోటితో నొక్కితే పటుక్కున విరిగింది.

అంతవరకు తాత్కాలిక ఏర్పాటు: ఇంజన్ వైపు, వాల్వ్‌కు వెళ్లే హోస్‌లో రాణిగంజ్‌లో దొరికే అర అంగుళం ఇత్తడి బాల్ వాల్వ్, రెండువైపులా హోస్ నిపుల్స్‌తో. దాన్ని మూస్తే వెంట్ 38. రిటర్న్ హోస్‌లోంచి పీడనం కోర్‌కు తగులుతూనే ఉంటుంది కాబట్టి బొట్టు పూర్తిగా ఆగదు, తగ్గింది. ఇది మూస్తే ఇంజన్‌కు ఇబ్బంది కదా అంటే, అసలు హీటర్ వాల్వ్ చల్లవైపు పెట్టినా ఆ నీటిదారి మూసుకునేదే, కొత్తగా ఏమీ ఆపడం లేదు. కాకపోతే రెండు జాగ్రత్తలు. బాల్ వాల్వ్ బరువుంటుంది, పాత హోస్‌కు వేలాడదీయకుండా ఫైర్‌వాల్‌కు క్లాంప్‌తో పట్టించాలి. నెలకోసారి పది నిమిషాలు తెరిచి నడపాలి, లేదంటే కోర్‌లో నిలిచిన నీళ్లు తుప్పు పట్టిస్తాయి. ప్లాస్టిక్ మెడ ఉన్నచోట స్క్రూ క్లిప్ కంటే స్ప్రింగ్ క్లిప్పే మేలు. వేడికి పెరిగినా, చల్లారి తగ్గినా పట్టు ఒకలాగే ఉంటుంది, అతిగా బిగించి మెడ విరగ్గొట్టే భయం ఉండదు.

రెండు హోసుల్నీ కలిపేసి కోర్‌ను పక్కన పెట్టడమే సుఖం అనేవాళ్లున్నారు. నాకది నచ్చదు. వానలో అద్దం మంచు పట్టినప్పుడు వేడిగాలి ఏసీతో కలిస్తేనే అద్దం ఆరుతుంది, ఇంజన్ వేడెక్కిన రోజున రోడ్డు పక్కకు చేరేదాకా కాపాడేది కూడా ఈ చిన్న రేడియేటరే.

గాడి వెడల్పుకు బాలానగర్ లేత్ షాపుల్లో ఒకచోట అడిగాను, అంత చిన్న పనికి చక్ మార్చడం కుదరదన్నారు. మూడు నాలుగు ప్లగ్‌లు ఒకేసారి ఇస్తే చేస్తామన్నారు, అందుకని ఎర్రగడ్డ ఆదివారం సంతలో, చంచల్‌గూడ పాత సామాన్లలో ఇత్తడి వాల్వులు వెతుకుతున్నాను. దొరికినవన్నీ సానబట్టి, గాడి కోయించి, ఒకటి బండిలో, మిగతావి డబ్బాలో. ఆ పని అయ్యేలోపు స్టీరింగ్ ర్యాక్ బూట్లు మార్చాలి, కుడివైపుది మడత దగ్గర పగిలింది. కార్బ్యురేటర్ చోక్ కేబుల్ కూడా హీటర్ కేబుల్‌లాగే తొడుగు జారుతున్నట్టుంది, అదే క్లిప్ అక్కడ సరిపోతుందేమో చూడాలి. డిసెంబర్‌లో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున నడిపి, లివర్ ఎర్రగీత చివర పెట్టి అటు కొలతలు కూడా తీయాలి.