గోల్ఫ్ మైదానంలో అగ్గి తెగులు

1998 ఆగస్టు. ఫిలడెల్ఫియాకు దగ్గరలోని ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే పనిలో చేరి అప్పటికి నాలుగు నెలలైంది. శుక్రవారం పచ్చగా వదిలి వెళ్లిన రై గడ్డి సోమవారం తెల్లవారేసరికి నీరందని మడిలా వాడి, గోధుమ రంగుకు తిరిగింది. ఎండదెబ్బ అనుకుని ఆ రాత్రి నీళ్లు ఎక్కువ పెట్టారు. మూడు రోజుల్లో మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి, గదులంత మేర గడ్డి చచ్చిపోయింది.

నేను యంత్రం దిగి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆకు మీద చిన్న మచ్చ, మధ్యలో బూడిద రంగు, చుట్టూ ముదురు గోధుమ అంచు. కొసలు గాలంలా మెలి తిరిగి ఉన్నాయి. ఆ మెలిక నాకు కొత్త. మచ్చ మాత్రం కొత్త కాదు. గుంటూరు జిల్లాలో మా నాన్న సాంబ మసూరి మడిలో గట్టు మీద నిలబడి అలాంటి ఆకునే నా చేతిలో పెట్టారు, నాకు పన్నెండేళ్లప్పుడు. ఆ ఏడాది అదే తెగులు వెన్ను మెడకు పాకే మెడ విరుపు కూడా వచ్చి, వెన్నులు తాలుపోయి, మేము తిండిగింజలు కొనుక్కున్నాం.

సూపరింటెండెంట్‌కు నాకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను, ఇది మా వరికి వచ్చే అగ్గి తెగులులా ఉందని. ఆయన శ్రద్ధగా విన్నాడు. గడ్డిని మట్టితో సహా పెళ్లగించి ప్రయోగశాలకు పంపాడు. వచ్చిన జవాబు: పైరిక్యులేరియా. వరిని కాల్చే శిలీంధ్రమే, రై గడ్డికి అలవాటుపడిన వేరే తెగ. పెన్సిల్వేనియా ఆగ్నేయ భాగంలో రై గడ్డి మీద దీన్ని మొదట చూసింది 1991లోనే. 1998లో మాత్రం చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ విరుచుకుపడింది. రాత్రుళ్లు ఉక్క, ఆకు మీద గంటల తరబడి ఆరని తడి, మోతాదు మించిన నత్రజని: దానికి కావలసినవన్నీ మేమే అమర్చిపెట్టాం. నీళ్లు పెట్టిన ఆ రాత్రి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆదివారం నాన్నకు ఫోను చేశాను.

“ఆ గడ్డి పశువులకా?”

“కాదు నాన్నా, దాని మీద ఆడుకుంటారు.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: “యూరియా ఆపారా, లేదా?”