పక్క గదిలో పిల్లలు నిద్రపోరు

“కొడితే నన్నే కొడతాడు, పిల్లల జోలికి పోడు. అయినా ఆ టైముకి వాళ్లు నిద్రపోతారు.” గృహహింస ఉన్న ఇళ్లలో తరచూ వినపడే మాట ఇది. నిద్రపోరు, కళ్లు మూసుకుని పడుకుంటారంతే. బండి ఆగిన తీరు, చెప్పులు విసిరిన చప్పుడు వింటే చాలు, ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆరేళ్ల పిల్ల కూడా చెప్పేస్తుంది. అలా చెవులు రిక్కించి కాచుకోవడానికే ఒళ్లు అలవాటు పడుతుంది. తెల్లారి తరగతిలో డస్టర్ కిందపడినా ఉలిక్కిపడుతుంది. ఆ బుర్రకి ఎక్కాలేం ఎక్కుతాయి?

చంటిపిల్లలు పాలు సరిగా తాగరు, నిద్రలో అదిరిపడతారు. మూడు నాలుగేళ్ల వాళ్లు ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడతారు, అమ్మ కొంగు వదలరు. బడికెళ్లే వయసులో కడుపునొప్పి, తలనొప్పి. పరీక్షలన్నీ నార్మలే వస్తాయి. డాక్టర్‌కి చూపించాక, రెండు వారాలపాటు నొప్పి వచ్చిన రోజులు, ఇంట్లో గొడవైన రోజులు ఒకే క్యాలెండర్‌లో గుర్తు పెట్టి చూడండి. చాలాసార్లు సంగతి అక్కడే తేలిపోతుంది.

అల్లరి చేసేవాణ్ని ఎవరో ఒకరు పట్టించుకుంటారు. నాకు ఎక్కువ బెంగ “బంగారం, నోట్లో నాలుకే లేదు” అని చుట్టాలు మెచ్చుకునే పిల్ల గురించి. తాను బాగా చదివితే, అన్నం పారబోయకుండా ఉంటే నాన్న కొట్టడని ఆ పిల్ల లెక్క. గొడవ జరిగినప్పుడల్లా తప్పు తనదే అనుకుంటుంది.

చుట్టూ ఉన్నవాళ్ల మాటలూ తోడవుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న మహిళలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. “సర్దుకుపోవే” అని నానమ్మ తల్లితో అంటుంటే పక్కన కూర్చున్న మనవడూ, మనవరాలూ వింటూనే ఉంటారు.

గొడవ మర్నాడు ఏమీ జరగనట్టు ఉండకండి. మూడు ముక్కలు చెప్పండి: “కొట్టడం తప్పు. అది నీ వల్ల జరగలేదు. ఆపడం నీ పని కాదు.” తండ్రిని రాక్షసుడని తిట్టొద్దు, తాగాడు కాబట్టి కొట్టాడని వెనకేసుకు రావొద్దు. ఆయనంటే పిల్లలకి ప్రేమ, భయం రెండూ ఉంటాయి.

మధ్యలోకి రావొద్దని పెద్దపిల్లలకి గట్టిగా చెప్పాలి. అమ్మానాన్నల మధ్య నిలబడి దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్లే. ఒక గుర్తు మాట అనుకోండి. అది వినగానే తమ్ముణ్ని తీసుకుని ముందే మాట్లాడుకున్న పొరుగింటికి వెళ్లాలి, అక్కడి నుంచి 112కి ఫోన్ చేసి ముందు అడ్రస్ చెప్పాలి. వంటింట్లోకి పోకూడదు, కత్తులుంటాయి. బాత్రూమ్‌లోకీ వద్దు, బయటికి దారి ఉండదు. ఐదేళ్ల లోపు వాళ్లకి ఇదంతా చెప్పకండి, నాన్న ముందే అనేస్తారు.

ఇల్లు వదిలి బయటపడ్డాక చాలామంది తడబడే చోటు ఇంకొకటుంది. అన్నాళ్లూ కిక్కురుమనని పిల్లాడు అమ్మమ్మ ఇంటికి రాగానే వస్తువులు విసురుతాడు, అమ్మనే కొడతాడు. “తండ్రి లేక చెడిపోతున్నాడు, తిరిగి వెళ్లిపో” అంటారు చుట్టాలు. ఇక్కడ ఏడ్చినా ఎవరూ కొట్టరని నమ్మకం కలిగాకే అణచిపెట్టుకున్నదంతా బయటికొస్తుంది. రోజూ అన్నం, నిద్ర ఒకే వేళకి ఉండేలా చూడండి, వీలైతే బడి మార్చకండి. నెల దాటినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఆ రోజే. కౌన్సెలింగ్ ఇచ్చే సఖి కేంద్రం ఎక్కడుందో మహిళల హెల్ప్‌లైన్ 181 చెబుతుంది, పిల్లల కోసం 1098 ఉంది.

2005 గృహహింస చట్టం మానసిక హింసనూ హింసగానే చూస్తుంది. సెక్షన్ 12 కింద మేజిస్ట్రేట్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడే సెక్షన్ 21 కింద పిల్లల తాత్కాలిక కస్టడీ కూడా అడగండి. తండ్రి వచ్చి చూడటం పిల్లలకి హాని అని మేజిస్ట్రేట్‌కి అనిపిస్తే, దాన్ని నిరాకరించాల్సిందే. తేదీలున్న డాక్టర్ చీటీలు, బడి హాజరు కాగితాలు, ఆ క్యాలెండర్ లాయర్‌కి ఇవ్వండి. చూడటానికి అనుమతి ఇస్తే, కలిసి వచ్చిన పిల్లాణ్ని “మీ నాన్న ఏమన్నాడు?” అని కూపీ లాగకండి. ముందు అన్నం పెట్టండి.