గెస్ట్ రూమ్ ఎవరికోసం

మా పాప మొన్న సంచి పట్టుకెళ్ళనని భీష్మించుకు కూర్చుంది. జూన్‌లో రెఫ్యూజీ వీక్ (శరణార్థుల వారం) కదా, బట్టలు, బొమ్మలు ఉంటే పంపండి అని స్కూల్ నుంచి మెసేజ్ వచ్చింది, నేనూ ఆదివారం అల్మారా మొత్తం దులిపి పెద్ద సంచి కట్టా. దానికి పొట్టైపోయిన జాకెట్, జిప్పు మొరాయించే బ్యాగు, మా ఆయనకి ఆఫీసులో ఇచ్చిన టీషర్టులు, ఒక చెవి ఊడిన కుందేలు బొమ్మ. అది అన్నీ ఒక్కొక్కటి బయటికి లాగి చూసి "అమ్మా, ఇది వాళ్ళకి హెల్ప్ కాదు, నువ్వు కబ్బోర్డ్ క్లీన్ చేస్కున్నావ్ అంతే" అంది. దాని తెలుగు అలాగే ఉంటుంది గానీ తగలాల్సిన చోట మాత్రం కరెక్ట్‌గా తగులుతుంది.

నాకు కోపం వచ్చింది. ఎందుకంటే నేను పెరిగిన ఇంట్లో పాత బట్టలకి రెండే దార్లు, స్టీలు సామాన్ల ఆవిడ వస్తే అరగంట బేరమాడి ఒక గిన్నె పుచ్చుకోవడం, లేదంటే పనిమనిషికి ఇచ్చేసి పండక్కి కొత్త చీర పెట్టినంత ఫీలైపోవడం. ఈ బ్రిటన్‌కొచ్చాక ఆ రెండూ లేవు, రెఫ్యూజీలు దొరికారు.

పదేళ్ళ పిల్ల అన్న మాటే అయినా సహాయ సంస్థల వాళ్ళు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నది కూడా అదే. 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలు గుట్టలుగా పడున్నాయి, ఆ ఎండల్లో అక్కడి జాలరి కుటుంబాలకి స్వెట్టర్లు కూడా పంపారు మనవాళ్ళు. 2022లో యుక్రెయిన్ యుద్ధమప్పుడు పోలండ్ బోర్డర్లోనూ అదే తంతు, వచ్చిన మూటలు విప్పి, ఏరి, సర్దడానికే వాలంటీర్ల టైమంతా పోయేది. అందుకే ఇక్కడ పెద్ద చారిటీలన్నీ కలిసి నడిపే డిజాస్టర్స్ ఎమర్జెన్సీ కమిటీ వస్తువులొద్దు డబ్బులివ్వండి అంటుంది, డబ్బులైతే అక్కడి మార్కెట్లోనే కొంటారు, అక్కడి కొట్టువాడికీ నాలుగు రాళ్ళు వస్తాయి, మందులు కావాల్సినవాళ్ళు మందులు కొనుక్కుంటారు. యుక్రెయిన్ కోసం వాళ్ళు చేసిన అప్పీల్‌కి 40 కోట్ల పౌండ్ల పైనే వచ్చాయి. మనం టాక్స్ కట్టేవాళ్ళమైతే గిఫ్ట్ ఎయిడ్ టిక్ పెడితే చాలు, పౌండ్ ఇస్తే గవర్నమెంట్ ఇంకో పాతిక పెన్నీలు కలుపుతుంది (మా ఆయన ఉత్సాహంగా చేసిన దానం అదొక్కటే, పాతిక శాతం రిటర్న్ అని).

సరే డబ్బులే పంపిద్దాం తల్లీ అన్నా. అక్కడితో అయిపోతుందనుకున్నా. "మరి ఆ రూమ్?" అంది.

ఆ రూమ్ అంటే మేడ మీద వెనకవైపు చిన్న గది. అత్తయ్య వస్తే ఉంటారని డబుల్ బెడ్ వేశాం, ఆవిడ లేనప్పుడు అందులో సోనా మసూరి బస్తాలు, సూట్‌కేసులు, నా వ్యాయామం సైకిలు ఉంటాయి. సైకిల్ మీద ఆరేసిన బట్టలుంటాయి. 2022 మార్చిలో, యుక్రెయిన్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళని మన ఇంట్లో ఉంచుకునే హోమ్స్ ఫర్ యుక్రెయిన్ స్కీమ్ పెట్టినప్పుడు పాప ఫ్రెండ్ వాళ్ళింట్లో ఒక తల్లినీ కొడుకునీ ఉంచుకున్నారు, అది మర్చిపోలేదు. అప్పుడు దానికి ఏడేళ్ళు, స్కూల్‌కి యుక్రెయిన్ జెండాలా నీలం పసుపు డ్రెస్ వేసుకెళ్ళి, పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ గీసుకొచ్చిన వయసు.

మేమూ ఆ వెబ్‌సైట్ చూశాం, చూడలేదని కాదు. కనీసం ఆరు నెలలు ఉంచుకుంటామని ఒప్పుకోవాలి, అద్దె తీసుకోకూడదు, థాంక్యూ పేమెంట్ అని నెలకి 350 పౌండ్లు ఇస్తామన్నారు, కౌన్సిల్ వాళ్ళు ఇల్లు చూసెళ్తారు, ఇంట్లో పెద్దవాళ్ళకి పోలీస్ రికార్డులు చెక్ చేస్తారు. మా ఆయన "ఒక్క బాత్రూమే కదే" అన్నారు. నేను "మన పోపు వాసనకి పాపం వాళ్ళు ఇబ్బంది పడతారేమో" అన్నా. నిజానికి నా భయం అది కాదు, నా మూకుట్లో వాళ్ళు ఏం వేయిస్తారో అని. దేవుడి అలమర వంటింట్లోనే ఉంది మాకు. వాళ్ళ కష్టం గురించి అంత బాధపడుతూ మూకుడు దగ్గర ఆగిపోయానని ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు రాస్తున్నా.

మరి అదే ఏడాది ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు మా అక్క కొడుకు యుక్రెయిన్‌లోని విన్నిత్సియాలో మెడిసిన్ చదువుతూ ఇరుక్కుపోయాడు. మనవాళ్ళు, ఇండియన్స్ అందరూ కలిపి ఇరవై వేలకి పైగానే ఉన్నారు అక్కడ, అందులో తెలుగు పిల్లలు బోలెడంత మంది. ఆ వారం నేను ఆఫీసు పని చేసినట్టే లేను, వాట్సాప్ గ్రూపుల్లో బస్సు ఎక్కడుంది, ఏ బోర్డర్ తెరిచి ఉంది అని రాత్రంతా ఫోన్ పట్టుకునే ఉన్నా. వాడు మంచులో నడుచుకుంటూ సిరెట్ దగ్గర రొమేనియాలోకి దాటాడు. అవతల ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు సూప్ పోశారట, ఒక స్కూల్ వ్యాయామశాలలో పరుపులు వేసి పడుకోబెట్టారట, తర్వాత మన గవర్నమెంట్ వేసిన ఆపరేషన్ గంగ ఫ్లైట్‌లో ఢిల్లీ వచ్చాడు. వీడు కాళ్ళు కడుక్కున్నాడా, ఏం తింటాడు, వీడికి పోలీస్ రికార్డు ఉందా అని వాళ్ళెవరూ అడగలేదు. అక్క ఇప్పటికీ ఆ రొమేనియా వాళ్ళు చల్లగా ఉండాలి అంటుంది. నేనూ అంటా. అలా అన్న రెండు వారాలకే ఆ వెబ్‌సైట్ చూసి మూసేశా.

పైగా మా ఇంట్లో పరాయివాళ్ళు ఉండలేదా అంటే అదీ కాదు. ఎమ్మెస్‌కని వచ్చిన పిల్లలు, ఫలానా వాళ్ళ తోడల్లుడి తమ్ముడు, రూమ్ దొరికేదాకా అని చెప్పి మా సోఫా మీద నెలల తరబడి పడుకున్నవాళ్ళు ఉన్నారు, ఇంటి పేరు కూడా సరిగ్గా తెలీదు నాకు కొందరిది. ఏ జిల్లా అని అడిగితే చాలు, దోసెల పిండి తీసేదాన్ని.

పిల్లలకి ఇవన్నీ ఎలా చెప్పాలి అని ఎవరైనా అడిగితే నేను గొప్పగా సలహా ఇచ్చేదాన్ని, వార్తలు దాచొద్దు, మ్యాప్ తీసి చూపించండి, భయపడితే పక్కన కూర్చోండి అని. ఇప్పుడా ధైర్యం లేదు, మ్యాప్ చూపిస్తే అది రెండో ప్రశ్న అడుగుతుంది.

దాని క్లాసులో ఒక సూడాన్ అమ్మాయి ఉంది, ఖార్టూమ్ నుంచి వచ్చారు, ఆశ్రయం అడిగినవాళ్ళకి గవర్నమెంట్ చూపించే హోటల్లో ఉంటారు. మా పాప చాలా రోజులు ఆ పిల్ల హాలిడేలో ఉందనుకుంది, హోటల్ అంటే దానికి స్విమ్మింగ్ పూలూ బఫే బ్రేక్‌ఫాస్టే మరి. "వాళ్ళకీ మనలాంటి ఇంట్లో ఉండే స్కీమ్ ఉందా?" అని అడిగింది. లేదు. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధానికి కోటి మందికి పైగా ఇళ్ళు వదిలిపోయారు, వాళ్ళకి మాత్రం అలాంటి వీసా ఏదీ పెట్టలేదు, ఎలాగోలా ఇక్కడిదాకా వచ్చి అసైలం, అంటే ఆశ్రయం, అడగాలి, నిర్ణయం వచ్చేదాకా మామూలుగా ఉద్యోగం చేయకూడదు, భోజనం పెట్టే హోటల్లో ఉంటే చేతికి వచ్చేది వారానికి పది పౌండ్లు కూడా కాదు. యుక్రెయిన్ వాళ్ళు రెండు లక్షల మందికి పైగా వీసాతో వచ్చారు, మంచిదే, రావాలి కూడా. మరి వీళ్ళెందుకు రాకూడదు అంటే నా దగ్గర ఉన్న సమాధానాలన్నీ పదేళ్ళ పిల్లకి చెప్పేవి కావు.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. 2024 ఆగస్టులో ఇక్కడ వలసొచ్చినవాళ్ళ మీద గొడవలు జరిగి రోథరమ్ ఊళ్ళో అసైలం వాళ్ళున్న హోటల్‌కి నిప్పు పెట్టబోయినప్పుడు మా తెలుగు గ్రూపులో రెండు రకాల మెసేజ్‌లొచ్చాయి. ఒకటి, జాగ్రత్త, సాయంత్రం బయటికి వెళ్ళకండి, మనల్ని చూస్తే వాళ్ళకి తేడా తెలీదు అని. రెండోది, మనం లీగల్‌గా వచ్చాం, టాక్సులు కడుతున్నాం, వీసాతో పాటు ఏడాదికి పెద్దవాళ్ళకి తలా 1,035 పౌండ్లు హెల్త్ సర్‌చార్జ్ కట్టి వచ్చాం, వీళ్ళకేమో హోటలా అని. ఆ రెండో దానికి నేను తంబ్స్ అప్ పెట్టా. అదే రోజు పాపని పార్క్‌కి పంపలేదు. సర్‌చార్జ్ గురించి ఇప్పటికీ నాకు మంటగానే ఉంది, అది అబద్ధం కాదు, కానీ ఆ మంటకీ ఆ సూడాన్ పిల్లకీ సంబంధమేంటో ఆలోచిస్తే తెగట్లేదు.

పోయిన డిసెంబర్లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఇండియాలో రెఫ్యూజీలు ఉంటారా అని అడిగింది. ఓ టిబెట్ వాళ్ళున్నారు, 1971లో బంగ్లాదేశ్ నుంచి కోటి మంది వస్తే మనమే చూసుకున్నాం అని దేశభక్తితో చెప్పేశా. మా అమ్మావాళ్ళది కర్మన్‌ఘాట్, అక్కణ్ణుంచి బాలాపూర్ ఎంత దూరమని. మాకు బాలాపూర్ అంటే వినాయకుడి లడ్డూ వేలంపాటే, ఈ ఏడాది ఎన్ని లక్షలకి పోయిందో మా నాన్న రూపాయితో సహా చెప్తారు. అటువైపే మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు ఏళ్ళుగా గుడిసెల్లో ఉంటున్నారు, చేతిలో ఐక్యరాజ్యసమితి వాళ్ళిచ్చిన కార్డు తప్ప ఏ ఆధారమూ లేదు. 1951 రెఫ్యూజీ ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు కాబట్టి ఆ కార్డు కూడా పెద్దగా అక్కరకి రాదు. వాళ్ళ సంగతి పాపకి చెప్పలేదు. నాన్న పక్కనే ఉన్నారు, వాళ్ళ గురించి ఆయన ఏమంటారో నాకు తెలుసు, దాని ముందు ఆయనతో వాదన పెట్టుకోవడం ఇష్టం లేకపోయింది. వాదిస్తానో లేదో కూడా తెలీదు లెండి.

ఇప్పుడు నెలకి కొంత బ్యాంకు నుంచి నేరుగా పోయేలా పెట్టాం, సగం యుక్రెయిన్‌కి, సగం సూడాన్‌కి. ఆ సగం సగం దాని రూలే. గది సంగతి మాత్రం వదల్లేదు. అత్తయ్య వచ్చే నెల వస్తున్నారు, కుదరదు అని చెప్పా. "నానమ్మ వీసా ఎన్ని నెలలు?" అంది. ఆరు. "గెస్ట్‌ని పెట్టుకుంటే?" కనీసం ఆరు. "సిక్స్ ప్లస్ సిక్స్ ట్వెల్వ్ కదా" అని నా వంక చూసింది, టైమ్స్ టేబుల్స్ దగ్గర ఏనాడూ ఇంత శ్రద్ధ చూపించలేదు ఈ పిల్ల. మీ నాన్నని అడుగుతానన్నా. ఆయన్నడిగితే అమ్మ వచ్చాక చూద్దాం అన్నారు. అత్తయ్యనేమో ఫోన్లో అదే అడిగేసిందట, "వాళ్ళు ఉప్పుడుబియ్యం తింటారటా?" అని ఆవిడ ఎదురు అడిగారట, అది అవునన్నట్టా కాదన్నట్టా అని నన్ను పట్టుకుని కూర్చుంది.