సౌండ్ పెంచే ముందు గెయిన్ సంగతి చూడండి

శ్రీరామనవమి పందిళ్లకి మైక్‌సెట్టు బేరాలు మొదలయ్యే రోజులు. ఈసారి మా రామాలయం దగ్గర మిక్సర్ (అన్ని మైకుల సౌండూ కలిపి సర్దే పెట్టె) ముందు కూర్చోబోయే కుర్రాళ్లు "అన్నా, ఆ నాబులేంటో ఒకసారి రాసిపెట్టు" అని వెంటపడ్డారు, అందుకని ఇది. ముందే ఒక మాట చెప్పేస్తా. పందిట్లో మాట స్పష్టంగా వినపడుతుందా లేదా అన్నది పెద్ద బాక్సుల దగ్గర తేలదు. నోటికీ మైకుకీ మధ్య ఉన్న దూరంలోనూ, ఛానెల్‌లో, అంటే మిక్సర్ మీద ఒక్కో మైకుకీ ఉండే నాబుల వరసలో, అన్నిటికన్నా పైనుండే మొదటి నాబు దగ్గరా తేలిపోతుంది. మైకు సిగ్నల్‌ని లోపలికి రాగానే ఎంత పెంచాలో చెప్పే ఆ నాబే గెయిన్. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు కేబుల్. మన దగ్గర అద్దెకొచ్చే మైకుల్లో చాలావాటికి మైకు వైపు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, రెండో చివర లావుపాటి మోనో జాక్ ఉంటుంది, పాత యాంప్లిఫయర్లకి అదే సరిపోయేది కాబట్టి. ఆ జాక్ తీసుకెళ్లి మిక్సర్ మీద లైన్ అని రాసున్న సాకెట్‌లో గుచ్చేసి, సౌండ్ రావట్లేదని అన్నీ పైకి తిప్పేస్తారు. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, లైన్ సాకెట్ తయారు చేసింది వోల్టు దరిదాపుల్లో ఉండే సిగ్నల్ కోసం, ఇక గొంతెక్కడ, గుర్రుమనే చప్పుడు తప్ప. పైగా ఆ మోనో కేబుల్ పొడవు పెరిగేకొద్దీ సీరియల్ సెట్ల గోల, సెల్‌ఫోన్ల గరగర అన్నీ దాంట్లోకి ఎక్కుతాయి. రెండు చివరలా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న కేబులే అడగండి. అందులో ఒకే సిగ్నల్ రెండు తీగల్లో వస్తుంది, ఒకదాంట్లో మామూలుగా, రెండోదాంట్లో తిరగేసి. మిక్సర్ ఆ రెండిటి తేడా మాత్రమే తీసుకుంటుంది, దాంతో దారిలో రెండు తీగలకీ సమానంగా అంటుకున్న గోల అక్కడే కొట్టుకుపోతుంది.

ఈ తేడా తీసుకునే గుణమే ఇంకో చోట కొంప ముంచుతుంది. ఫోన్ నుంచి భక్తిగీతాలు వేద్దామని చిన్న స్టీరియో పిన్ను, రెండో చివర ఒకే స్టీరియో జాక్ ఉన్న కేబుల్ కొనుక్కొచ్చి మైక్ ఛానెల్ జాక్‌లో పెడితే, వీణా తబలా ఏదో పల్చగా వినిపిస్తాయి గానీ పాడే మనిషి మాయం. పాటలో గొంతు ఎడమా కుడీ రెండిట్లోనూ సమానంగా ఉంటుంది, తేడా తీస్తే అది సున్నా అవుతుంది మరి. ఫోన్ చెడిపోయిందనుకుని మూడు ఫోన్లు మార్చేవాళ్లున్నారు! స్టీరియో ఛానెల్‌లో ఎడమకొకటి, కుడికొకటి రెండు విడి జాకులు పెట్టుకోండి, పీడా పోతుంది.

ఇప్పుడు గెయిన్. ఫేడర్‌ని (ఛానెల్ అడుగున పైకీ కిందికీ జరిపే సౌండ్ మీట) పూర్తిగా కిందికి దించి, ఆ ఒక్క ఛానెల్ సిగ్నల్‌ని ఫేడర్‌తో పని లేకుండా మీటర్ మీద చూపించే పీఎఫ్‌ఎల్ బటన్ నొక్కి, మైకు పట్టుకునే మనిషినే రమ్మని మాట్లాడించండి. "హలో మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" మాత్రం వద్దు, అది అందరూ ముక్కుతో మెల్లగా గొణిగి వెళ్లిపోతారు, తర్వాత అదే మనిషి సంకల్పం మొదలుపెట్టాడంటే గొంతు రెండింతలవుతుంది. పంతులుగారిని ఒక మంత్రం పూర్తిగా చదవమనండి, హరికథ చెప్పే దాసుగారిని హెచ్చు స్థాయిలో ఒక పద్యం ఎత్తుకోమనండి. మీటర్ సున్నా చుట్టూ తిరుగుతూ, ఎంత గట్టిగా అన్నా ఎర్ర లైటు వెలగని చోట గెయిన్ ఆపేయండి. ఎర్ర లైటు వెలిగిందంటే గొంతు అక్కడే చిరిగిపోయినట్టు, ఆ తర్వాత ఫేడర్ ఎంత తగ్గించినా మాడిన కూరలో నీళ్లు పోసినట్టే ఉంటుంది. గెయిన్ కుదిరాక ఫేడర్‌ని సున్నా గీత దగ్గరికి తెచ్చుకోండి, వేలు కాస్త కదిపితే సౌండ్ కాస్తే మారేది ఆ గీత చుట్టుపక్కలే.

నలభై ఎనిమిది అని రాసున్న ఫాంటమ్ బటన్ కేబుల్ గుండానే మైకుకి కరెంటు పంపుతుంది, ఆ కరెంటుతో పనిచేసే కండెన్సర్ మైకులకి మాత్రమే అది కావాలి. చేతిలో పట్టుకునే మామూలు డైనమిక్ మైకుకి దాంతో పని లేదు, కేబుల్ సరైనదైతే హానీ లేదు. నొక్కేముందు మాత్రం ఛానెల్ మ్యూట్ చేయండి, లేకపోతే ఢామ్మని పేలుతుంది, పందిట్లో పసిపిల్లలు లేచి ఏడుస్తారు. లో కట్ బటన్ ఉంటే మాట్లాడే, పాడే మైకులన్నిటికీ నొక్కి ఉంచండి. అది ఎనభై, వంద హెర్ట్జ్ కింద ఉన్న గాలి హోరూ స్టేజీ మీద అడుగుల చప్పుడూ తీసేస్తుంది, గొంతుకేం నష్టం లేదు.

అసలు కష్టం పంతులుగారి మైకు. చొక్కా ఉండదు, కాలర్ ఉండదు, క్లిప్ మైకుని ఉత్తరీయానికి పెడితే వంగినప్పుడల్లా జారిపోతుంది, జంధ్యం రాసుకుని బరబరమంటుంది. పైగా క్లిప్ మైకులు ఎక్కువగా నాలుగు వైపులా వినేవే, అందుకే తొందరగా హౌలింగ్‌కి (బాక్సుల సౌండ్ మళ్లీ మైకులోకి దూరి కుయ్యిమనడం) వస్తాయి. డబ్బు కాస్త ఎక్కువైనా చెవికి తగిలించుకునే హెడ్‌మైకే తీసుకోండి. అది నోటి పక్కనే ఉంటుంది, తల ఎటు తిప్పినా దూరం మారదు. కల్యాణం రోజున ఆ మైకులో బ్యాటరీ సెల్లులు కొత్తవి వేయండి, తలంబ్రాల వేళ మైకు ఆగిపోతే తిట్లు తినేది మీరే.

గట్టిమేళం అనగానే చెయ్యి ఫేడర్ల మీద ఉండాలి. నాదస్వరానికీ డోలుకీ ఆ సమయంలో మైకే అక్కర్లేదు, తెరిచున్న ప్రతి మైకులోకీ అవే దూరతాయి. అన్నీ దించేసి, మేళం ఆగిందో లేదో పంతులుగారిది ఎత్తండి.

తెరిచున్న మైకుల లెక్క కూడా అంతే ముఖ్యం. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ హౌలింగ్ రాకుండా పెంచుకోగలిగే సౌండ్ మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. అదే నోటికీ మైకుకీ దూరం సగం చేస్తే గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. కాబట్టి కమిటీ పెద్దాయన వెనక నుంచి "బాబూ, సౌండ్ పెంచు" అని చెయ్యి ఊపినప్పుడు అన్నిటి సౌండూ ఒకేసారి పెంచే మాస్టర్ ఫేడర్ జోలికి పోకండి, ఎవరూ వాడని మైకులు మూసేసి, మాట్లాడేవాళ్లని మైకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకోమనండి. ఇంకో సంగతి, యాంకరింగ్ కుర్రాళ్లు స్టైలుగా మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. వెనక నుంచి వచ్చే చప్పుడు వినకుండా ఉండే గుణం ఆ జాలీ కింద ఉన్న సందుల వల్లే వస్తుంది, అవి మూస్తే కుయ్యిమనక ఏం చేస్తుంది? బాక్సులు మైకుల కన్నా ముందుండాలి, స్టేజీ మీద వాళ్లు వినడానికి పెట్టే మానిటర్ బాక్సు ఉంటే మైకు వీపుకి ఎదురుగా ఉండాలి.

రాత్రి హరికథకి దాసుగారి చిడతలు మైకుని పొడిచేస్తుంటాయి. గెయిన్ తగ్గించకండి, సన్నటి చప్పుళ్లని తగ్గించే హై నాబు కొంచెం ఎడమకి తిప్పితే చాలు. పదింటి తర్వాత లౌడ్‌స్పీకర్‌కి ప్రత్యేక అనుమతి ఉండాలి, లేదంటే పదికల్లా కట్టేయాల్సిందే. కట్టేటప్పుడు ముందు యాంప్లిఫయర్, తర్వాత మిక్సర్. ఆన్ చేసేటప్పుడు ముందు మిక్సర్, ఆఖర్న యాంప్లిఫయర్. కదిపితే కరకరమన్న కేబుల్ ఏదైనా ఉంటే దాన్ని మళ్లీ కేబుళ్ల గోతంలోనే పడేయకుండా ముడేసి పక్కన పెట్టండి, పొద్దున సెట్టు వాళ్లొచ్చినప్పుడు చూపించి మార్పించుకోవచ్చు.