గూడ్స్ షెడ్డుకు వయసెక్కించాను

రైలు మోడళ్లంటే అందరి కళ్లూ ఇంజన్ల మీదే. నాకు పట్టాల పక్క గూడ్స్ షెడ్లు, గ్యాంగ్‌మన్ క్వార్టర్లు ఇష్టం. నేను చేసేది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. అసలు అడుగు ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. సన్‌బోర్డుతో, అంటే తేలికైన ఫోమ్ అట్టతో, కట్టి క్రీమ్ రంగేసిన షెడ్డు చూస్తే నిన్ననే గృహప్రవేశం అయినట్టుంది. దాన్ని పాతదానిలా చేయాలి.

మరకల పని మొదలెట్టకముందే అసలు పాత గోడలు చూడ్డానికి బయల్దేరాను. కాచిగూడ స్టేషన్ 1916 నాటిదే, కానీ రంగులేసి నిగనిగలాడిస్తున్నారు, నా పనికి రాదు. సికింద్రాబాద్ మెట్టుగూడ వైపు పాత రైల్వే క్వార్టర్లే నయం. అక్కడ నిలబడి చూస్తే అర్థమైంది, మురికి గోడంతా ఒకేలా పట్టదని. సన్‌షేడ్ కింద గోడ తెల్లగానే ఉంటుంది, దాని రెండు కొసల నుంచి మాత్రం నల్లటి చారలు దిగుతాయి. పిట్టగోడ పైభాగం నల్లబడుతుంది. తూము కింద పాకుడు. నేలకు దగ్గర్లో వాన చిందించిన ఎర్రమట్టి. తుప్పు మరక ఎప్పుడూ మేకు దగ్గరే పుట్టి కిందికి పాకుతుంది. ఏ మరకైనా నీళ్లు నడిచిన దారే. దారి తెలియకుండా నల్లరంగు పూస్తే కాలిన ఇల్లవుతుంది తప్ప పాత ఇల్లు కాదు.

పెచ్చులూడిన చోటు చేయడంలోనే మజా అంతా. 12 మిల్లీమీటర్ల ప్లాస్టరింగు మన స్కేల్లో 0.14 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మామూలు కాగితం మందం. అందుకే ఇటుక గీతలు గీసి ఎర్రరంగేసిన గోడ మీద కాగితం అతికించి, కావలసిన చోట చేత్తో చింపాను. కత్తెర వద్దు, అంచు తిన్నగా వస్తే మోసం తెలిసిపోతుంది. చిరిగిన అంచే ఊడిన సున్నం అంచు.

తర్వాత నీళ్లలో నాలుగు చుక్కల నల్ల ఇంకు, ఒక చుక్క అంట్లు తోమే లిక్విడ్ కలిపి గోడకు పూశాను. ఆ చుక్క వల్ల ఇంకు ముత్యంలా నిలబడకుండా గీతల్లోకి జారుతుంది. చాలామంది నీళ్లకు బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారు. త్వరగా ఆరుతుంది, కానీ గట్టిగా రుద్దితే కింది అక్రిలిక్ రంగు లేచివస్తుంది. తుప్పుకీ, ఎర్రమట్టికీ చాక్ పాస్టెల్‌ని (రంగు సుద్దముక్క) బ్లేడుతో గీకిన పొడి, మెత్తటి బ్రష్షు. పొడి కాస్త ఎక్కువే పట్టించాలి, పైన మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టగానే సగం మాయమవుతుంది. ముసురు రోజున మాత్రం స్ప్రే డబ్బా ముట్టుకోకండి, గాల్లో తేమకు పైన తెల్లటి పొర కట్టేస్తుంది.

బాల్కనీలో ఆరబెడుతుంటే వాచ్‌మన్ చూసి, "ఏంది సార్, మంచిగున్న గోడని ఖరాబ్ చేస్తున్నరు?" అన్నాడు. ఇంకాస్త వంగి చూసి, "పిట్టగోడ మీద రావి మొక్క లేదేంది మరి?" అనీ అన్నాడు. నిజమే, హైదరాబాద్‌లో అది లేకుండా పాత బిల్డింగేంటి! సన్న రాగితీగ మెలిపెట్టి, ఫెవికాల్ రాసి, నలిపిన కసూరి మేథీ చల్లాను. పిట్టగోడ పగులులో దాన్ని గుచ్చాక, వేళ్లు దిగినట్టు ఓ సన్నటి గోధుమరంగు గీత గీశాను. ఇక మిగిలింది పైకప్పు రేకులు.