పానగల్లు కట్ట మీద పిట్టల లెక్క

ఫిబ్రవరి, ఆదివారం, రాత్రి

ఈ రోజు ఉదయం పానగల్లులోని ఉదయసముద్రం కట్ట మీద పక్షులను చూసే బృందంతో కలిసి నడిచాను. ఏటా ఫిబ్రవరి నడిమి వారాల్లో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా జరిగే పెరటి పక్షుల లెక్కింపులో మా నడక కూడా ఒక భాగం. కందూరు చోడుల కాలం నాటి ఈ చెరువు ఇప్పుడు ఎత్తిపోసిన కృష్ణా నీళ్లతో నిండుతున్నది. ఫ్లోరైడ్ నీళ్ల బాధను కళ్లారా చూసిన నల్లగొండ వాళ్లకు ఈ నీళ్ల విలువను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అయితే మనతో పాటు ఈ నీళ్లను నమ్ముకుని ఇంకెన్ని ప్రాణాలు బతుకుతున్నాయో తెలియాలంటే మాత్రం, ఎరిగినవారు ఒకరు పక్కన నిలబడి చూపించాలి.

మమ్మల్ని నడిపించిన పెద్దాయన జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు. బయలుదేరే ముందే ఆయన రెండు సంగతులు గట్టిగా చెప్పారు. ఫోటో కోసం ఎవరూ బృందాన్ని దాటి ముందుకు పోకూడదు. ఫోన్‌లో పక్షి కూత వినిపించి దానిని దగ్గరికి రప్పించకూడదు. ఆ కూత విన్న పక్షి తన చోటులోకి మరొక పక్షి వచ్చిందని బెదిరి, మేత మాని, గూడు వదిలి వెతుక్కుంటూ తిరుగుతుందని ఆయన వివరించారు. ఈ పట్టుదల నాకు చాలా నచ్చింది. పక్షిని ప్రేమిస్తున్నామని చెబుతూ దానిని ఇబ్బంది పెట్టే అలవాటు ఈ మధ్య ఎక్కువైంది. దానిని మొదటే అడ్డుకునే మనిషి బృందానికి ముందుండడం అవసరం.

కట్ట దిగి, నీళ్లు వెనక్కి తగ్గిన బురద అంచున నిలబడి ఆయన మాకు చాలాసేపు కొంగలనే చూపించారు. దూరదేశపు పక్షుల కోసం వచ్చిన కొందరు కుర్రవాళ్లకు అది రుచించలేదు కానీ, నాకు మాత్రం ఉదయమంతటిలో అదే గొప్ప పాఠం. తెల్లగా కనిపించేదంతా ఒకే కొంగ కాదు. పశువుల వెంట తిరిగే కొంగది పొట్టి మెడ, పసుపు ముక్కు. చిన్న తెల్లకొంగకు ముక్కూ కాళ్లూ నలుపు, పాదాలు మాత్రం పసుపు పచ్చన. పెద్ద తెల్లకొంగకు నోటి గీత కంటిని దాటి వెనక్కి పోతుంది. బైనాక్యులర్‌లో ఆ గీత కనిపించిన తరువాత ఇక పొరపడే అవకాశం లేదు. మేము ఇలా ముక్కులూ కాళ్లూ పోల్చుకుంటూ ఉండగా, థర్మాకోల్ తెప్ప మీద వల తీసుకుని ఒడ్డుకు వచ్చిన ఒక ముసలాయన మా మాటలు విని ఆగాడు.

“గా చిన్నది బురదల కాలు ఆడిస్తది సారూ, చూడుండ్రి. చేప బెదిరి లేస్తె పట్టుకుంటది. పెద్దదేమో కదలదు, గట్లనే నిలబడ్తది” అన్నాడు.

వెంటనే అటు చూశాము. చిన్న కొంగ ఒక కాలు ముందుకు చాపి, పసుపు పాదాన్ని బురదలో గజగజ వణికించి, ఆగి, మెడ వంచి పొడిచింది. ముక్కు కొసన వేలెడంత చేప మెరిసింది. మళ్లీ రెండు అడుగులు వేసి అదే పని చేసింది. రంగును బట్టి గుర్తుపట్టడం మాకు అధ్యాపకులు నేర్పారు, పనిని బట్టి గుర్తుపట్టడం ఆ ముసలాయన నేర్పాడు. అధ్యాపకులు తన పుస్తకం తీసి ఆయన చెప్పింది రాసుకోవడం చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది.

ఆ తరువాత కంటికంటే చెవికి ఎక్కువ పని పడింది. సర్కారు తుమ్మ పొదల్లో ‘చక్, చక్’ మని పలికే, ఆకుల మాటు వదలని ఒక మట్టి రంగు పిట్ట చలికాలానికి ఉత్తరం నుండి మన వైపు వస్తుంది. ఆ పలుకు తెలిస్తే చాలు, చూడకపోయినా లెక్కలో చేర్చవచ్చు. పూసిన మోదుగ మీద గులాబీ రంగు గోరింకలు గుంపుగా వాలి తేనె తాగుతూ చేసిన గోలకు మాత్రం ఏ పాఠమూ అవసరం లేకపోయింది. మధ్య ఆసియా నుండి వచ్చే ఈ పక్షులు జొన్న చేల మీద పడతాయని మా రైతులు తిట్టుకుంటారు, కానీ మిడతలను తినడంలోనూ వీటిది పెద్ద చెయ్యే.

లెక్కించే పద్ధతి తేలికైనదే. ఒక చోట కనీసం 15 నిమిషాలు గడిపి, గుర్తుపట్టిన ప్రతి జాతినీ, దాని సంఖ్యతో సహా ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పక్షుల పట్టికలో నమోదు చేయాలి. కాకినీ గోరింకనూ వదిలిపెట్టకూడదు. నీటి నడుమ ఉన్న బాతుల గుంపును ముందు పదింటి వరకు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఆక్రమించిన వెడల్పును కొలగా పెట్టుకుని మిగతా గుంపును అంచనా వేయమన్నారు. ముగ్గురం విడివిడిగా లెక్కవేసి సరిచూసుకుంటే అంకెలు దగ్గర దగ్గరగానే వచ్చాయి. బృందంగా నడవడంలోని అసలైన లాభం నాకు ఇక్కడే కనిపించింది. ఒక్కరి కన్ను ఆశపడినదానిని చూస్తుంది, పక్కవారి కన్ను దానిని నిలదీస్తుంది.

టీ తాగుతూ అధ్యాపకులు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గురించి చెప్పారు. 1931–32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేస్తూ ఆయన మన పాలమూరు నల్లమలలోని మన్ననూరు, ఫరహాబాద్ అడవుల్లోనూ తిరిగారు. ఆనాడు ఆయన రాసిపెట్టారు కాబట్టే ఈనాడు పోల్చి చూసుకోవడానికి మనకు ఒక ఆధారం ఉన్నది.

తిరుగు దారిలో కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. కూర్చున్నంతసేపు మట్టి రంగు, ఇటుక రంగు కలిసిన ఛాతీతో మామూలుగా ఉండి, మిడత కోసం నేలకు దూకినప్పుడు రెక్కల నీలం ఒక్కసారిగా విచ్చుకున్నది. అందరమూ మాటలు మాని నిలబడ్డాము. మన రాష్ట్ర పక్షి ఇది. దసరా నాడు జమ్మికి మొక్కిన తరువాత దీనిని చూడనిదే మనకు పండుగ నిండదు. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించి, 178 జాతులకు తక్షణ శ్రద్ధ అవసరమని చెప్పింది. సంఖ్య తగ్గుతున్నందువల్ల అంతర్జాతీయంగా స్థితిని మళ్లీ అంచనా వేయవలసిన పక్షుల్లో పాలపిట్టను కూడా చేర్చింది. ఆ నివేదికకు ఆధారం 30 వేల మంది మామూలు మనుషులు ఇలాంటి నడకల్లో రాసిన మూడు కోట్ల నమోదులు. ఈ సంగతి తెలిసినప్పటి నుండి, పండుగ నాడు పాలపిట్టను పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించే వారిని చూస్తే నా మనసు కుదుటపడదు. చట్టం దానిని ఏనాడో నిషేధించింది. చూడాలని ఉన్న వారిని చేనుల వెంట నడిపించడానికి మనలాంటి బృందం ఉంటే ఆ పంజరాల దగ్గరికి ఎవరు పోతారు? దసరా ఉదయం కూడా ఒక నడక పెట్టమని అధ్యాపకులను అడిగాను. మొండి తాటిచెట్ల తొర్రల్లో ఇవి గూడు పెడతాయి కాబట్టి, ఆ లోపు మా వైపు చేలల్లో మిగిలిన అలాంటి చెట్లను రాసి పెట్టమని ఆయన నాకు పని అప్పగించారు.

వచ్చే నెల నడకకు ఆ ముసలాయనను కూడా రమ్మన్నాము. వల తీసే వేళ దాటితే తనకు కుదరదని అన్నాడు. అందుకని అధ్యాపకులు అక్కడే అందరికీ చెప్పి, నడక వేళను ఏడు గంటల నుండి ఆరు గంటలకు మార్చారు.