అన్నం మానకుండా పన్నెండు వారాలు: 84.6 నుంచి 80.2

నవంబర్ మూడో వారంలో బరువు తగ్గడం మొదలుపెట్టినప్పుడు నేను 84.6 కిలోలు. ఈ వారం సగటు 80.2. హనుమకొండలో మా గల్లీలోనే ఒకాయన నెలకు ఎనిమిది కిలోలు తగ్గానని చెప్పుకుంటాడు. ఆ లెక్కన నాది నత్తనడకే.

ఆ తొందర నాకూ ఉండేది. దసరా తర్వాత అన్నం పూర్తిగా బంద్ పెట్టా. ఐదు రోజుల్లో రెండు కిలోలు పోయాయి. ఆరో రోజు ఓ పెళ్లిలో బగారన్నం కనపడింది, అంతే సంగతులు. వారం తిరిగేసరికి ఆ రెండు కిలోలూ వాపస్. పోయింది చాలావరకు నీళ్లే. పిండిపదార్థం మానేస్తే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (పిండిపదార్థం నిల్వ), దాంతో ఉండే నీళ్లు ముందు పోతాయి.

ఈసారి ఏదీ మానలేదు. వంటింట్లోకి చిన్న కాంటా కొని, మొదటి వారం ఏమీ తగ్గించకుండా ఊరికే తూచి రాసుకున్నా. మధ్యాహ్నం నా కంచంలో అన్నం 420 గ్రాములు! వండిన అన్నం వంద గ్రాములకు 130 కేలరీలు వేసుకుంటే 550 దాకా అన్నంతోనే. దాన్ని 280 గ్రాములకు తెచ్చా. "గింత బువ్వకు ఏం బలమొస్తది బిడ్డా" అంటూ అమ్మ ఇంకో గరిటె వేయబోవడం, నేను చెయ్యి అడ్డం పెట్టడం రోజూ ఉండేదే. తగ్గిన అన్నం జాగాలో పాలకూర పప్పు, బీరకాయ కూర ఎక్కువ వేసుకుంటున్నా.

అసలు దొంగ నూనె. మా నలుగురికి నెలకు లీటర్ ప్యాకెట్లు ఐదు అయ్యేవి. అంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, గ్రాముకు 9 కేలరీల చొప్పున 340. ఒక ఆదివారం సర్వపిండి చేస్తుంటే పక్కనే నిలబడి చూశా. పిండిని గిన్నెకు ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కోదాంట్లో నూనె వదులుతోంది మా ఆవిడ. సీసాతో పోసేదాన్ని చెంచాతో వేసేలా చేశా. అంచు కరకర ఏం తగ్గలేదు. ఇప్పుడు నెలకు మూడు ప్యాకెట్లు.

ఛాయ్ నాలుగు కప్పుల నుంచి రెండుకు, కప్పుకు రెండు చెంచాల చక్కెర ఒకటికి వచ్చాయి. అన్నీ కలిపితే రోజుకు 430 కేలరీల దాకా తక్కువ తింటున్నట్టు. కిలో కొవ్వుకు 7,700 లెక్కన వారానికి 400 గ్రాములు తగ్గాలి. దాదాపు అలాగే తగ్గింది.

జొన్న రొట్టె సంగతి కూడా చెప్పాలి. ఎన్ని తిన్నా సన్నబడతామని అందరూ అంటారు. నా రెండు రొట్టెలకు 120 గ్రాముల పిండి పట్టింది, అంటే 420 కేలరీలు, 320 గ్రాముల అన్నంతో సమానం. తింటే ఆకలి ఆలస్యంగా వేస్తుంది, అది నిజం. అందుకే రాత్రికి ఒకటిన్నర తిని, ఒక ఉడికిన గుడ్డు కలుపుకుంటున్నా.

సంక్రాంతికి దెబ్బ పడింది. అమ్మ చేసిన సకినం ఒక్కోటి 14 గ్రాములు, ఎలా చూసినా 70 కేలరీలు. టీవీ ముందు కూర్చుంటే ఆరు ఎటు పోయాయో తెలియదు. 81.0 కాస్తా 82.1 అయింది. టెన్షన్ పడలేదు, ఉప్పుకు పట్టిన నీళ్లు కూడా అందులో ఉంటాయి. డబ్బా పై అరలోకి ఎక్కించి, రోజుకు రెండు అనుకున్నాం. పది రోజుల్లో మళ్లీ 81.

బరువు రోజూ పొద్దున ఛాయ్‌కి ముందే చూస్తా, ఏడు రోజుల సగటే రాసుకుంటా. నాకు షుగర్ లేదు. మాత్రలు వాడే మా బావ నాలాగే చేస్తానంటే, ముందు డాక్టర్‌ను అడగమన్నా.

బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావాల్సిన కేలరీలూ తగ్గుతాయి కాబట్టి ఇక వేగం తగ్గుతుంది. అన్నం 280 దగ్గరే ఉంచి, భద్రకాళి బండ్ మీద నడక అరగంట నుంచి ముప్పావు గంట చేద్దామనుకుంటున్నా. కాంటాలో సెల్లు అయిపోయింది, రేపు తేవాలి.